స్పితి వెళ్తున్నారా? ముందు ఏ రాత్రి ఎక్కడ పడుకుంటారో రాసుకోండి

హిమాచల్‌లోని స్పితి లోయ అనగానే అందరూ చూడాల్సిన చోట్ల లిస్టు రాసుకుంటారు: కీ గొంపా (బౌద్ధ మఠం), చంద్రతాల్ సరస్సు, హిక్కిం పోస్టాఫీసు, చిచం వంతెన. తర్వాత మ్యాప్‌లో దూరాలు చూసి, రోజుకి ఇన్ని కిలోమీటర్లని పంచేసి, ఆరు రోజుల్లో అయిపోతుందిలే అనుకుంటారు. నేనూ మొదటిసారి అదే చేశాను. మనాలిలో తెల్లవారుజామున బయల్దేరి సాయంత్రానికల్లా చంద్రతాల్ క్యాంపుకి చేరిపోయాం, ఫొటోలు దిగాం, వేడివేడి సూప్ తాగాం. రాత్రి రెండింటికి చూస్తే మా నలుగురిలోకీ గట్టివాడు, రోజూ పొద్దున్నే పది కిలోమీటర్లు పరుగెత్తేవాడు, టెంటు బయట మోకాళ్ల మీద కూర్చుని వాంతులు చేసుకుంటున్నాడు. కాసేపటికి లేచి షూ వేసుకున్నాడు గానీ లేసు ముడి వేయబోతే వేళ్లు మాట వినడం లేదు, మూడుసార్లు ప్రయత్నించి వదిలేశాడు. తెల్లారేదాకా వాడి పక్కనే కూర్చుని, వెలుగు రాగానే కారెక్కించి వచ్చిన దారినే దింపేశాం. అటల్ టన్నెల్ దగ్గరున్న సిస్సు వచ్చేసరికి, అంటే సుమారు 3,100 మీటర్లకి, "ఆకలేస్తోందిరా" అన్నాడు. ఆ మాట విన్నాకే మిగతా ముగ్గురి ప్రాణం కుదుటపడింది. (తెల్లారేదాకా ఆగడం కూడా తప్పే. ఆ సంగతి కింద చెబుతాను.)

తప్పంతా మా లెక్కలోనే ఉంది. మనాలి దాదాపు 2,050 మీటర్లు, చంద్రతాల్ 4,250. ఒక్క పగలులో 2,200 మీటర్లు ఎక్కి, అక్కడే పడుకున్నాం. రెండోసారి సిమ్లా వైపు నుంచి వెళ్లాను, పది రోజులు పెట్టుకున్నాను, ఒక్క తలనొప్పి మాత్ర తప్ప ఏమీ వాడలేదు. కింద రాసిందంతా ఆ రెండు ప్రయాణాల మధ్య తేడాయే.

ముందుగా గాలి సంగతి

ఎత్తుకి వెళ్తే గాలిలో ఆక్సిజన్ శాతం తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. తగ్గదు, అక్కడా 21 శాతమే. తగ్గేది గాలి ఒత్తిడి. కాజా ఊరు సుమారు 3,650 మీటర్ల ఎత్తులో ఉంది, అక్కడ ఒత్తిడి సముద్రమట్టంలో ఉండేదాంట్లో మూడింట రెండొంతులు కూడా ఉండదు. అంటే ఇక్కడ రెండు ఊపిర్లకి అందేది అక్కడ అందాలంటే మూడు పైగా పీల్చాలి. శరీరం దీనికి అలవాటు పడుతుంది గానీ దాని టైం అది తీసుకుంటుంది: ముందు ఊపిరి వేగం పెరుగుతుంది, మూత్రం ఎక్కువసార్లు వస్తుంది, నిద్ర ముక్కలుముక్కలుగా పడుతుంది. ఇవన్నీ శరీరం తన పని తాను చేసుకుంటోందనడానికి గుర్తులు, కంగారు పడక్కర్లేదు.

ఇందులో జిమ్ బాడీకి మినహాయింపేమీ లేదు. నిజానికి బాగా ఫిట్‌గా ఉన్నవాళ్లే ఎక్కువగా ఇబ్బంది పడటం చూశాను, వాళ్లకి ఆగాలని అనిపించదు కాబట్టి.

పర్వత వైద్యంలో ఎప్పటినుంచో ఉన్న సూత్రం ఒకటుంది: 3,000 మీటర్లు దాటాక, ఈ రాత్రి పడుకునే చోటు నిన్న రాత్రి చోటు కంటే 500 మీటర్లకి మించి ఎత్తులో ఉండకూడదు, మూడు నాలుగు రోజులకోసారి అదే ఊళ్లో ఇంకో రాత్రి ఆగాలి. పగలు ఎంత ఎత్తుకి వెళ్లొచ్చినా ఫర్వాలేదు, పడక మాత్రం కిందే ఉండాలి. కాబట్టి కాగితం తీసుకుని చూసే చోట్లు కాకుండా, వరసగా పడుకునే ఊళ్లూ పక్కన వాటి ఎత్తులూ రాయండి. ఎక్కడైనా పెద్ద గెంతు కనిపించిందా, మధ్యలో ఒక ఊరు చేర్చండి. ప్లానింగ్‌లో ఇదే అసలు పని, మిగతాది హోటల్ బుకింగే.

ఎప్పుడు వెళ్లాలి

స్పితి వానలు పెద్దగా పడని చలి ఎడారి. అందుకని జులై, ఆగస్టుల్లో కూడా వెళ్లొచ్చని నెట్‌లో రాస్తుంటారు. స్పితిలో వాన పెద్దగా పడదు, నిజమే, కానీ స్పితికి చేరే దారిలో పడుతుంది. సిమ్లా నుంచి కిన్నౌర్ మీదుగా వచ్చే రోడ్డు సట్లెజ్ లోయ వెంబడి కొండని తొలిచి వేసింది, వర్షాకాలంలో కొండచరియలు విరిగిపడటం అక్కడ మామూలే. 2021 ఆగస్టులో నిగుల్‌సరి దగ్గర ఒక్కసారిగా కొండ జారి హిమాచల్ ఆర్టీసీ బస్సుతో సహా వాహనాలు దాని కింద పడిపోయాయి. 2023 జులైలో భారీ వానలకీ మంచుకీ చంద్రతాల్ దగ్గర రెండు వందల మందికి పైగా టూరిస్టులు రోజుల తరబడి చిక్కుకుపోతే దారిలో మంచు తవ్వి బయటికి తీసుకురావాల్సి వచ్చింది.

నన్నడిగితే సెప్టెంబర్ మొదటి మూడు వారాలు. వానలు తగ్గుతాయి, ఆకాశం తేటగా ఉంటుంది, మనాలి వైపున్న కుంజుం కనుమ దారి తెరిచే ఉంటుంది. నెలాఖరుకి జరిపితే మాత్రం జాగ్రత్త, 2018 సెప్టెంబర్ చివర్లో అకాల మంచు పడి లాహౌల్-స్పితిలో వందలమంది ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. రెండో ఎంపిక జూన్ రెండో సగం, అప్పటికి కుంజుం సాధారణంగా తెరుచుకుంటుంది, కొండల మీద ఇంకా మంచు మిగిలి ఉంటుంది. చలికాలం స్పితి వేరే ప్రపంచం: మైనస్ 25 దాకా పడిపోయే చలి, గడ్డకట్టిన పైపులు, కిబ్బర్ దగ్గర మంచు చిరుతల కోసం కాపు కాసే ఫొటోగ్రాఫర్లు. మొదటిసారి వెళ్లేవాళ్లకి చలికాలం వద్దు.

ఏ వైపు నుంచి

రెండు దారులున్నాయి. ఒకటి సిమ్లా నుంచి రాంపూర్, రెకాంగ్ పియో, నాకో, తాబో మీదుగా కాజా, సుమారు 420 కిలోమీటర్లు. మంచు, కొండచరియలు అడ్డుపడ్డ రోజులు తప్పిస్తే ఏడాదంతా నడిచే దారి ఇది. రెండోది మనాలి నుంచి అటల్ టన్నెల్ దాటి, కోక్సర్, గ్రాంఫూ, ఛత్రూ, బాతల్, కుంజుం కనుమ మీదుగా కాజా, దాదాపు 200 కిలోమీటర్లు. ఇది జూన్ నుంచి అక్టోబర్ దాకానే, అదీ మంచు దయ.

200 చూసి మనాలి దారికి ఆశపడకండి. ఎక్కేటప్పుడు సిమ్లా, దిగేటప్పుడు మనాలి. సిమ్లా వైపు ఎత్తు మెట్లుమెట్లుగా పెరుగుతుంది, ప్రతి మెట్టు దగ్గరా ఊరుంది, ఊళ్లో పడక ఉంది. మనాలి వైపు ఆ మెట్లు లేవు, ఒకేసారి 4,550 మీటర్ల కుంజుం మీదికి ఎత్తి పడేస్తుంది. దిగేటప్పుడైతే అదే మనకి కలిసొస్తుంది, ఒక్క పగలులో మళ్లీ మామూలు గాలిలోకి వచ్చేస్తాం.

రాత్రుల వరస

నేను రెండోసారి వాడిన వరస ఇది, ఒకటి రెండు మార్పులతో ఎవరికైనా సరిపోతుంది.

మొదటి రాత్రి సిమ్లా, 2,200 మీటర్లు. ఊళ్లో రద్దీ ఇష్టం లేకపోతే ఇంకో రెండు గంటలు వెళ్లి నార్కండాలో ఆగండి, 2,700. రెండో రోజు పొద్దున్నే బయల్దేరితే సాయంత్రానికి కల్పా, 2,960 మీటర్లు. కిటికీ తెరిస్తే ఎదురుగా కిన్నౌర్ కైలాస్. ఎనిమిది తొమ్మిది గంటల ప్రయాణం, ఘాట్ రోడ్డు పడని పిల్లలో పెద్దలో ఉంటే మధ్యలో సరాహన్‌లో ఒక రాత్రి ఆగడం మేలు. మూడో రాత్రి కూడా కల్పాయే. ఈ రోజు వృథా అనుకుని కోసేసేవాళ్లు చాలామంది. కోయకండి. పగలు 3,450 మీటర్ల ఛిత్‌కుల్ వెళ్లొచ్చి మళ్లీ కిందే పడుకుంటే శరీరానికి మొదటి పాఠం అయిపోతుంది.

నాలుగో రోజు పెద్ద ప్రయాణం. ఖాబ్ దగ్గర స్పితి నది సట్లెజ్‌లో కలుస్తుంది, అక్కడినుంచి కొండల రంగే మారిపోతుంది, ఆకుపచ్చ పోయి అంతా మట్టీ రాయీ. నాకో 3,660 మీటర్లు, సరస్సు ఒడ్డున భోంచేసి కదలండి. దాని తర్వాత మల్లింగ్ నాలా అని పేరుమోసిన చోటుంది, పైనుంచి రాళ్లు దొర్లుతుంటాయి, అక్కడ ఫొటోకి బండి ఆపకండి. సుందో చెక్‌పోస్టులో పేర్లు రాయించుకుంటారు. మనకి పర్మిట్ అక్కర్లేదు, ఆధార్ లాంటి గుర్తింపు కార్డు చాలు. మీతో విదేశీ పాస్‌పోర్టు ఉన్న బంధువులుంటే మాత్రం వాళ్లకి ఇన్నర్ లైన్ పర్మిట్ (సరిహద్దు ప్రాంతంలోకి వెళ్లే అనుమతి) కావాలి, సిమ్లాలోనో రెకాంగ్ పియోలోనో ముందే తీసుకోవాలి. అమెరికా నుంచి వచ్చిన మేనల్లుడు పుట్టింది ఇక్కడే కదా అంటే చెక్‌పోస్టులో వినరు.

ఆ రాత్రి తాబో, 3,280 మీటర్లు. చూశారా, పగలు 3,660 దాటి వచ్చి రాత్రికి కిందికి దిగాం. తాబో గొంపా 996లో కట్టింది, గోడల మీద వెయ్యేళ్లనాటి బొమ్మలు. లోపల చీకటి, ఫొటోలు తీయనివ్వరు, చిన్న టార్చి తీసుకెళ్లండి. కళ్లు చీకటికి అలవాటు పడేదాకా కదలకుండా నిలబడితే బొమ్మలు ఒక్కొక్కటే గోడలోంచి బయటికొస్తాయి. నేను అరగంట ఉన్నాను, ఆ అరగంటలో మూడు బృందాలు వచ్చి రెండేసి నిమిషాల్లో వెళ్లిపోయాయి.

ఐదో రోజు దారిలో 3,890 మీటర్ల ఢంకర్ చూసుకుని రాత్రికి కాజా. ఇక అక్కడే మూడు నాలుగు రాత్రులు డేరా. ఒక పగలు కీ గొంపా, కిబ్బర్, చిచం వంతెన. ఇంకో పగలు లాంగ్జా, హిక్కిం, కోమిక్. కోమిక్ దగ్గర 15,027 అడుగులు అని బోర్డుంటుంది, హిక్కిం పోస్టాఫీసు 1983 నుంచి దాదాపు 4,400 మీటర్ల ఎత్తులో నడుస్తోంది, ఇంటికో కార్డు పడేయండి, ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. లాంగ్జాలో ఉండాలని చాలామందికి కోరిక, పెద్ద బుద్ధుడి విగ్రహం పక్కన సూర్యోదయం అదీ. కాజాలో కనీసం రెండు రాత్రులు గడిచాకే ఆ కోరిక తీర్చుకోండి, ఎందుకంటే అది కాజా కంటే 700 మీటర్ల పైన. అక్కడ పిల్లలు శిలాజాలు తెచ్చి చూపిస్తారు, కోట్ల ఏళ్లనాటి సముద్రపు జీవుల ముద్రలున్న రాళ్లు. చూడండి, కొనకండి, మనం కొన్నకొద్దీ కొండ ఖాళీ అవుతుంది.

ఒళ్లు తేడా చేస్తే

ఈ భాగం కాస్త నిదానంగా చదవండి, వీలైతే మీతో వచ్చేవాళ్లకి చదివి వినిపించండి.

కొత్త ఎత్తుకి చేరిన కొన్ని గంటల్లో తలనొప్పి, దాంతోపాటు వికారం, నీరసం, కళ్లు తిరగడం, వీటిలో ఏదైనా ఉంటే అది మౌంటెన్ సిక్‌నెస్ అనే అనుకోండి. గ్యాస్ అనుకోకండి, పొద్దున తిన్న పరాఠా మీద నెట్టకండి. తేలిగ్గా ఉంటే మందు ఒకటే: ఇంకా పైకి వెళ్లకపోవడం. అక్కడే ఆగి, నీళ్లు తాగి, పారాసిటమాల్ వేసుకుని, విశ్రాంతి తీసుకుంటే చాలామందికి ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటుంది. తగ్గకుండా పెరుగుతోందంటే కిందికి దిగాలి.

ప్రాణం మీదికి తెచ్చేవి రెండున్నాయి. ఒకటి ఊపిరితిత్తుల్లో నీరు చేరడం: కదలకుండా కూర్చున్నా ఆయాసం, వదలని దగ్గు, పడుకుంటే ఎక్కువవడం, పెదాలు నీలంగా మారడం. రెండోది మెదడు వాపు: మాట తడబడటం, అర్థంలేని కోపం, తూలుతూ నడవడం. దీనికి చిన్న పరీక్ష ఉంది. నేలమీద సరళరేఖ ఊహించుకుని, మడమకి వేళ్లు ఆనించి పది అడుగులు నడవమనండి. తాగినవాడిలా పక్కకి ఒరిగితే ఇక చర్చ లేదు, రాత్రి ఎంతైనా సరే, పొద్దున చూద్దాంలే అనకుండా దింపేయాలి. మా వాడు లేసు ముడి వేయలేకపోయినప్పుడు మాకు ఈ పరీక్ష తెలియదు. తెలిసుంటే తెల్లారేదాకా కూర్చునేవాళ్లం కాదు. దిగేది కనీసం 300 మీటర్లు, కుదిరితే వెయ్యి. మనిషిని నడిపించకండి, బండిలోనే దింపండి, ఒంటరిగా అసలు పంపకండి. కాజాలో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది, ఆక్సిజన్ ఉంటుంది. సిగ్నల్ ఉంటే 112కి కొట్టండి.

డయామాక్స్ అనే మందు గురించి అందరూ అడుగుతారు. అది తలనొప్పి మాత్ర కాదు, శరీరం ఎత్తుకి అలవాటు పడే పనిని కాస్త వేగం చేస్తుంది. ముందుజాగ్రత్తగా వాడేది సాధారణంగా 125 మిల్లీగ్రాములు, రోజుకి రెండుసార్లు, ఎక్కడానికి ముందురోజు నుంచి. కానీ సల్ఫా మందులు పడనివాళ్లకీ, కిడ్నీ సమస్యలున్నవాళ్లకీ ఇది సమస్య కావచ్చు, కాబట్టి మీ డాక్టర్‌ని అడిగే వాడండి. వేళ్లు తిమ్మిరెక్కుతాయి, మూత్రం ఎక్కువవుతుంది, సోడా తాగితే రుచి వింతగా ఉంటుంది, భయపడకండి. అది వేసుకున్నాం కదా అని రాత్రుల వరస మాత్రం మార్చకండి.

చేతిలో పట్టే ఆక్సిజన్ డబ్బాలు దారిపొడవునా అమ్ముతారు. పది లీటర్ల డబ్బా నిమిషానికి రెండు లీటర్ల చొప్పున వాడితే ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాల తర్వాత కూడా మీరున్నది అదే ఎత్తులో. నా లెక్కలో అది ధైర్యం కోసం కొనే డబ్బా, అంతే. పల్స్ ఆక్సిమీటర్ తీసుకెళ్తే మంచిదే గానీ కాజాలో 85, 88 చూపిస్తే గుండెలు బాదుకోకండి, అక్కడ అది మామూలే. చల్లబడ్డ వేలికి పెడితే ఇంకా తప్పు చూపిస్తుంది, అరచేతులు రుద్దుకుని పెట్టండి. అంకె కంటే మనిషిని చూడటం ముఖ్యం.

మొదటి రెండు మూడు రాత్రులు మద్యం వద్దు, నిద్రమాత్రలు అసలే వద్దు. రెండూ నిద్రలో ఊపిరిని నెమ్మదింపజేస్తాయి. గుండె జబ్బు, అదుపులో లేని బీపీ, ఆస్తమా, గర్భం, వీటిలో ఏదున్నా టికెట్లు కొనకముందే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. మాటలు రాని చిన్నపిల్లల్ని అంత ఎత్తుకి తీసుకెళ్లడం నాకు నచ్చదు, తలనొప్పని చెప్పలేరు పాపం, ఏడుస్తారంతే.

సంచిలో

ఒకే లావుపాటి జాకెట్ కంటే పొరలు పొరలుగా వేసుకునే బట్టలు మేలు: లోపల థర్మల్, మధ్యలో ఫ్లీస్, పైన గాలిని ఆపేది. పొద్దున ఏడింటికి మూడూ కావాలి, పదకొండింటికి టీషర్టు చాలు, నాలుగింటికి గాలి మొదలవగానే మళ్లీ మూడూ. చేతి గ్లౌజులు, చెవులు మూసే టోపీ, నాలుగు జతల మందపాటి సాక్సులు. పొడిగా ఉన్న ఒక జతని పడుకోవడానికే దాచుకోండి, ఆ సుఖం అక్కడికెళ్లాక తెలుస్తుంది.

ఎండని తక్కువ అంచనా వేయకండి. ఎత్తు పెరిగేకొద్దీ అతినీలలోహిత కిరణాల పదును ఎక్కువవుతుంది, చల్లగాలికి కాలుతున్నట్టే తెలియదు, సాయంత్రం అద్దంలో చూసుకుంటే ముక్కు తోలు ఊడొస్తుంది. సన్‌స్క్రీన్, మంచి కళ్లద్దాలు, లిప్‌బామ్ తప్పనిసరి. వ్యాజిలిన్ చిన్న డబ్బా ముక్కు లోపల రాసుకోవడానికి కూడా పనికొస్తుంది, పొడిగాలికి ముక్కులోంచి రక్తపు చార రావడం మామూలే.

షాంపూ ప్యాకెట్లు, పచ్చడి ప్యాకెట్లు ఇంకో కవర్‌లో కట్టుకోండి. లోపలి గాలి వ్యాకోచించి అన్నీ బెలూన్లలా ఉబ్బుతాయి. నాకో దాటాక నా బ్యాగులో చిప్స్ ప్యాకెట్ టప్‌మని పేలితే డ్రైవర్ టైరేమో అనుకుని బండి ఆపి కిందికి దిగి చూశాడు. పవర్ బ్యాంకు, ఫోను రాత్రి రజాయి లోపలే పెట్టుకోండి, చలికి చార్జి ఇట్టే జారిపోతుంది. వాడే మందులు రెండు రెట్లు. ఓఆర్‌ఎస్. టార్చి.

బండి, పెట్రోలు, బస్సు

కాజాలో పెట్రోలు బంకుంది. దానికి ముందు సిమ్లా వైపు రెకాంగ్ పియో కింద ఉన్న పోవారీ, దాదాపు 200 కిలోమీటర్లు. మనాలి వైపు మీ దారిలో మనాలి దాకా ఏమీ లేదు. కాబట్టి పోవారీలో ఫుల్, కాజా చేరగానే ఫుల్, చుట్టుపక్కల తిరిగాక మళ్లీ ఫుల్. ఒక్కోసారి కాజాలో స్టాక్ అయిపోతుంది, అందుకని చేరిన రోజే కొట్టించేసుకోండి, వెళ్లే రోజుకి వాయిదా వేయకండి.

సొంత కారైతే కింద తగలని ఎత్తున్న బండి కావాలి, స్టెప్నీలో గాలి చూసుకోండి, పంక్చర్ కిట్ పెట్టుకోండి. ఎత్తులో ఇంజన్ కూడా మనలాగే ఆయాసపడుతుంది, మామూలుగా మూడో గేర్లో ఎక్కే చోట రెండు వేయాల్సి వస్తుంది, బండి పాడైందని భయపడకండి. ఇలాంటి రోడ్ల మీద ఎప్పుడూ నడపనివాళ్లు స్థానిక డ్రైవర్‌ని పెట్టుకోవడమే నయం, ఎదురుగా బస్సు వస్తే లోయ పక్కనుంచి వెనక్కి తీయాల్సింది మీరే.

డబ్బు తక్కువైతే హెచ్‌ఆర్‌టీసీ, అంటే హిమాచల్ ఆర్టీసీ బస్సుంది. రెకాంగ్ పియో నుంచి కాజాకి పొద్దున్నే బయల్దేరుతుంది, ముందురోజు సాయంత్రమే స్టాండులో టైం కనుక్కోండి. ఆ డ్రైవర్లు రోజూ తిరిగే దారి అది, నిజం చెప్పాలంటే నా డ్రైవింగ్ కంటే వాళ్లదే నాకు నమ్మకం. కాజాలో టాక్సీ యూనియన్‌కి రేట్ల బోర్డుంటుంది, ఒంటరిగా వచ్చినవాళ్లు పొద్దున అక్కడ నిలబడితే పంచుకునేవాళ్లు దొరుకుతారు.

ఫోను, డబ్బు, తిండి, పడక

లడఖ్‌లో బయటి ప్రీపెయిడ్ సిమ్ పనిచేయదు, స్పితి హిమాచల్‌లో ఉంది కాబట్టి ఆ గొడవ లేదు. కాజాలో సిగ్నల్ ఉంటుంది, బయటికొస్తే ఊరికో రకం. గ్యూ అనే ఊరికి మొబైల్ సిగ్నల్ వచ్చింది 2024లో, అంతకుముందు లేదు. అందుకే ఇంట్లో ముందే చెప్పండి, రెండు రోజులు ఫోను కలవకపోతే టెన్షన్ పడొద్దని. మ్యాపు ఆఫ్‌లైన్‌లో దింపుకోండి, అది చూపించే టైముకి సగం కలుపుకోండి.

కాజాలో ఏటీఎం ఉంది, పనిచేస్తుందని మాత్రం నమ్ముకోకండి. సిమ్లాలోనే పూర్తి ఖర్చుకి సరిపడా నోట్లు తీసుకోండి, చిన్న నోట్లుగా.

ఊళ్లలో హోమ్‌స్టేలే ఉత్తమం. తుక్పా, మోమోలు, పప్పు, అన్నం పెడతారు. కాజా ఎత్తులో నీళ్లు 88 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి, కుక్కర్ లేకుండా పప్పు ఉడకదు, కాబట్టి వంట ఆలస్యమైతే విసుక్కోకండి. కొన్ని ఇళ్లలో నీళ్లు వాడని పొడి మరుగుదొడ్లుంటాయి, పని అయ్యాక పారతో మట్టి వేయాలి, వాసన రాదు, ఒక రోజులో అలవాటవుతుంది. వేడినీళ్లు బకెట్ లెక్కన ఇస్తారు. ఆ నీళ్లు ఎక్కడినుంచో మోసుకొచ్చినవి, రోజూ తలస్నానం అడగకండి, చలికి మీకే మంచిది కాదు. ఎదురైనవాళ్లకి "జూలే" అనండి, నమస్కారం, ధన్యవాదం అన్నీ అదే.

కుంజుం దాటి కిందికి

కాజాలో మూడు నాలుగు రాత్రులు పడుకున్నాక తలనొప్పీ అదీ లేకపోతేనే చంద్రతాల్ రాత్రి పెట్టుకోండి. అప్పుడు కూడా అది 600 మీటర్ల గెంతే, కానీ అప్పటికి శరీరం సిద్ధంగా ఉంటుంది. సరస్సు ఒడ్డున టెంట్లు వేయనివ్వరు, క్యాంపులు కొన్ని కిలోమీటర్ల ఇవతలే ఉంటాయి. బృందంలో ఒక్కరికి బాగా లేకపోయినా పగలు చూసేసి నేరుగా మనాలి దిగిపోండి, సరస్సు పగలే బాగుంటుంది కూడా.

బయల్దేరే ముందురోజు సాయంత్రం కాజా టాక్సీ స్టాండులో ఆరోజు మనాలి నుంచి వచ్చిన డ్రైవర్‌ని అడగండి, దారి ఎలా ఉందని. నెట్‌లో వెతికినదాని కంటే ఆ సమాధానం గట్టిది. పొద్దున ఐదున్నరకల్లా కదలాలి. కారణం ఉంది: బాతల్ నుంచి గ్రాంఫూ దాకా సుమారు 50 కిలోమీటర్లు రోడ్డు మీదుగానే వాగులు పారుతుంటాయి. ఎండెక్కేకొద్దీ పైన మంచు కరిగి, పొద్దున చీలమండ లోతున్న వాగు మధ్యాహ్నానికి మోకాలు దాటుతుంది. ఆ 50 కిలోమీటర్లకే నాలుగైదు గంటలు. రోడ్డు పనులు నడుస్తూనే ఉంటాయి, పనుల కోసం ఆపితే ఇంకో గంట. వాగు దాటేముందు బండి ఆపి, ముందు వెళ్లే బండి చక్రాలు ఎక్కడ మునుగుతున్నాయో చూసి, మొదటి గేరులో ఆగకుండా వెళ్లండి. మధ్యలో ఆపితే కదలదు. బాతల్ ధాబాలో రాజ్మా చావల్ తినండి, చాలాసేపటిదాకా వేడి తిండి దొరికేది అక్కడే.

మనాలి చేరేసరికి చీకటి పడుతుంది. అదే రాత్రికి ఢిల్లీ బస్సు, మర్నాడు పొద్దున విమానం అని బుక్ చేసుకోకండి. మేం రెండోసారి ఒక రోజు ఖాళీ ఉంచుకున్నాం, ఛత్రూ దగ్గర లారీ దిగబడి ఐదు గంటలు ఆగాల్సి వచ్చింది, మా వెనక కారులో ఉన్న జంట రాత్రి బస్సు పోయిందని ఫోన్ సిగ్నల్ కోసం కొండెక్కి దిగుతూనే ఉన్నారు.